ఆరు వారాల వర్చువల్ అసిస్టెంటు కోర్సు: పదకొండు నెలల పని తరువాత ఒక సమీక్ష

స్వయం ఉపాధిగా వర్చువల్ అసిస్టెంటు పని, అంటే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో క్లయింట్ల కార్యాలయ పనులు చేసిపెట్టే పని, మొదలుపెట్టాలనుకునేవారి కోసం ఒక సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతున్న ఆరు వారాల కోర్సును డబ్బు చెల్లించి తీసుకుని, పూర్తిచేసి, ఆ పనిలోనే పదకొండు నెలలు గడిపిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. కోర్సు ముగిసిన రోజునే రాసి ఉంటే ఇది పొగడ్తల దండకం అయ్యేది. మూడో నెలలో రాసి ఉంటే తిట్ల దండకం అయ్యేది. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. కొనడానికి ముందు నేను పరిశీలించిన నాలుగైదు కోర్సులు ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి కాబట్టి, ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు వాటిలో దేన్ని కొనబోయేవారికైనా పనికివస్తాయని నా నమ్మకం.

ముందుగా నా సంగతి కొంత చెప్పాలి. ఒక కార్యాలయంలో తొమ్మిదేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. ఉత్తరప్రత్యుత్తరాలు, సమావేశాల ఏర్పాటు, ప్రయాణాల బుకింగు, ఫైళ్లు సర్దిపెట్టడం అన్నీ చేతికి అలవాటైన పనులే. అందువల్ల వర్చువల్ అసిస్టెంటు పని అంటే అదే పనిని ఇంట్లో కూర్చుని చేయడమేనని, నాకది నల్లేరు మీద నడకేనని అనుకున్నాను. కొత్తగా ఎదురైనవన్నీ పని చుట్టూ ఉండే పనులు. రేటు నేనే చెప్పాలి, చెప్పిన రేటు మీద నేనే నిలబడాలి, బిల్లు నేనే పంపాలి, అది ఆలస్యమైతే మొహమాటం లేకుండా నేనే అడగాలి, ఒక క్లయింటు సమాచారం మరొకరి కంటపడకుండా నేనే కాపాడాలి. కార్యాలయంలో వీటన్నిటికీ వేరే విభాగాలు ఉండేవి. ‘పని మీకు వచ్చు, పని చుట్టూ ఉన్న వ్యవహారం మేము నేర్పుతాం’ అని కోర్సు ప్రకటనలో రాసిన ఒక్క వాక్యమే నన్ను కొనిపించింది. కాబట్టి ఆ వాక్యాన్ని వాళ్లు ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నదే నా కొలబద్ద.

మొత్తం 43 వీడియో పాఠాలు, పదకొండు నమూనా పత్రాలు, మూడు నెలలపాటు వారానికొక ప్రత్యక్ష ప్రశ్నోత్తరాల తరగతి, చివరన ఒక ధ్రువపత్రం. పాఠాలు చిన్నవి, మాట స్పష్టంగా ఉంటుంది, అనవసరమైన సంగీతం లేదు. మొదటి వారం ఏయే సేవలు అందించాలో ఎంచుకోవడం గురించి. ‘ఏ పనైనా చేస్తాను’ అని చెప్పుకునేవారిని ఏ పనికీ గుర్తుపెట్టుకోరని, మూడు సేవలకు మించి రాయవద్దని చెబుతారు. సలహా సబబైనదే, పాటించాను, మేలు జరిగింది. అంతకన్నా ఆ వారం గురించి చెప్పడానికి ఏమీ లేదు.

రెండో వారం దగ్గర ఆగాలి, ఎందుకంటే ఈ కోర్సులోని అతి పెద్ద తప్పు, అతి గొప్ప పాఠం రెండూ ఆ వారంలోనే పక్కపక్కన ఉన్నాయి. గంటకు ఎంత అడగాలన్న ప్రశ్నకు వాళ్లు ఇచ్చే సూత్రం చాలా తేలిక: నెలకు ఎంత సంపాదించాలనుకుంటున్నారో కాగితం మీద వేసి, దాన్ని 160తో భాగించాలి. వారానికి 40 గంటలు, నెలకు నాలుగు వారాలు అన్న లెక్కన ఆ 160 వచ్చింది. ఇది జీతగాళ్ల లెక్క. ఉద్యోగి ఎదురుచూస్తూ గడిపిన గంటకు, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ గడిపిన గంటకు, కాగితాలు సర్దుకున్న గంటకు కూడా జీతం వస్తుంది. స్వయంగా పనిచేసుకునేవారికి క్లయింటు ఒప్పుకున్న గంటలకే డబ్బు వస్తుంది. ఆ తేడా సూత్రంలో ఎక్కడా కనిపించదు, నేనూ గమనించలేదు, ఆ సూత్రం ప్రకారమే రేటు పెట్టుకుని మొదటి క్లయింటుకు చెప్పేశాను.

అదే వారంలో ఆరో పాఠం ఒకటుంది. దాని పక్కన ‘ఐచ్ఛికం’ అని రాసి ఉండడం వల్ల చాలామంది దాటేసి ఉంటారు. మొదట నేనూ దాటేశాను. నాలుగు నిమిషాల పాఠం. రోజూ పనిలో గడిపిన సమయాన్ని పావుగంట చొప్పున ఏ పనికి ఎంత పోయిందో రాసి, వారాంతంలో రెండు రంగుల్లో గీత గీయమంటారు: బిల్లులోకి ఎక్కేది ఒక రంగు, ఎక్కనిది ఒక రంగు. మొదటి పూర్తి నెల చివర చేతికి వచ్చిన డబ్బు చూసి ఎక్కడో పొరపాటు జరిగిందనిపించి, ఆ పాఠం గుర్తొచ్చి, గంటలు లెక్కపెట్టే టాగుల్ ట్రాక్ అనే సాధనంలో అప్పటికే నమోదై ఉన్న గంటలన్నీ విడదీసి చూశాను. ఆ నెల బల్ల ముందు కూర్చున్నది 158 గంటలు. బిల్లు వేయగలిగినది 71. మిగిలిన 87 గంటల్లో 31 కొత్త పనుల కోసం ప్రతిపాదనలు రాయడానికి, 12 ఇంకా క్లయింట్లు కానివారితో ఉచితంగా మాట్లాడడానికి, 19 ఒక్కొక్కరు వాడే సాధనాలు నేర్చుకోవడానికి, 14 అటూఇటూ మెయిళ్లకు, 6 బిల్లులకు, ఆ బిల్లుల కోసం వెంటపడడానికి, 5 నా తప్పులు నేనే దిద్దుకోవడానికి పోయాయి. 160 గంటలకు వేసుకున్న రేటుతో 71 గంటలు అమ్మితే అనుకున్న ఆదాయంలో నూటికి 44 వంతులే వస్తుందని చెప్పడానికి గణితశాస్త్రం అవసరం లేదు. అనుకున్నది రావాలంటే రేటు రెండుంపావు రెట్లు ఉండాలి. ఆ పాఠాన్ని ఐచ్ఛికంగా, ఈ సూత్రాన్ని తప్పనిసరిగా పెట్టినవారి ఆలోచన నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

గంటలు లెక్కపెట్టే సాధనం గురించి రెండు మాటలు. టాగుల్ ట్రాక్ ఐదుగురి వరకు ఉచితం, ఒంటరిగా పనిచేసేవారికి అది ఎక్కువే. గంటకు ఇంత అని రేటు పెట్టి మొత్తం లెక్కగట్టే సౌకర్యం మాత్రం డబ్బు కట్టినవారికే ఉంది. ఆ గుణకారం నేను చేత్తో చేసుకుంటున్నాను. అది తెరను ఫొటోలు తీయదు. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

పని వెతకడం మీద మూడో వారం మొత్తం నడుస్తుంది, అందులో సగం పాతబడిపోయింది. స్వయంగా పనిచేసుకునేవారినీ క్లయింట్లనూ కలిపే ఆన్‌లైన్ వేదిక అప్‌వర్క్ తీసుకునే రుసుము ఒక్కో క్లయింటుతో సంపాదన పెరిగేకొద్దీ 20, 10, 5 శాతంగా తగ్గుతుందని వీడియోలో పట్టిక వేసి మరీ చూపిస్తారు. ఆ పద్ధతి 2023లోనే పోయి అందరికీ 10 శాతం అయింది. 2025లో అదీ మారి, కొత్త కాంట్రాక్టులకు సున్నా నుంచి 15 శాతం మధ్య ఒక్కోదానికి ఒక్కో రేటు వచ్చింది. అలాంటిదే మరో వేదిక ఫైవర్, సేవలు అమ్మేవారి నుంచి 20 శాతం తీసుకుంటుందన్నది మాత్రం సరిగ్గానే చెప్పారు. వేదికల నియమాలు మారడం కోర్సు తప్పు కాదు, కానీ డబ్బు తీసుకుంటున్న కోర్సులో ఆ ఒక్క వీడియోనైనా మళ్లీ తీయాలి కదా. అంతకన్నా తీవ్రమైనది మరొకటి ఉంది. వేదిక మీద దొరికిన క్లయింటును మొదటి పని అయ్యాక మెల్లగా బయటికి తెచ్చుకుని నేరుగా బిల్లు వేసుకోండని ఒక పాఠంలో నవ్వుతూ చెబుతారు. అప్‌వర్క్ నిబంధనల ప్రకారం అక్కడ పరిచయమైన క్లయింటుతో రెండేళ్లపాటు చెల్లింపులు ఆ వేదిక ద్వారానే జరగాలి, లేదంటే బయటికి మారడానికి ప్రత్యేక రుసుము కట్టాలి. ఆ మాట చెప్పకుండా ఈ సలహా ఇవ్వడం అంటే, కొత్తగా వచ్చినవారు నెలల తరబడి కష్టపడి తెచ్చుకున్న ఖాతాను, అందులోని మంచి అభిప్రాయాలను నీళ్లపాలు చేసుకోమని చెప్పడమే.

గంటల లెక్కన చేసే పనులకు అప్‌వర్క్ చెల్లింపు భద్రత ఇస్తుందని కోర్సు చెబుతుంది. నిజమే. ఆ భద్రత కావాలంటే వాళ్ల ట్రాకర్ నడపాలి, అది ప్రతి పది నిమిషాలకు ఒకసారి తెరను ఫొటో తీస్తుంది. రూపకర్తలకు, ప్రోగ్రామర్లకు అది చికాకు మాత్రమే. మన పని వేరు: మన తెర మీద ఉండేది క్లయింటు మెయిల్, ఆయన ప్రయాణం, ఒక్కోసారి ఆయన కుటుంబ వ్యవహారం. అలాంటి ఫొటోను మనమే తొలగించవచ్చు, అయితే దాంతోపాటు ఆ పది నిమిషాల డబ్బూ పోతుంది. ఇద్దరు క్లయింట్ల మెయిళ్లు రెండు ట్యాబుల్లో తెరిచి ఉంచే అలవాటు నాకు ఆ రోజుతో పోయింది.

ప్రతిపాదనల నమూనాల గురించి ఒక అనుభవం చెప్పాలి. కోర్సు ఇచ్చిన మూడు నమూనాల్లో ఒకదాన్ని కొద్దిగా మార్చి మొదటి నెలలో 38 మందికి పంపాను. ముగ్గురే జవాబిచ్చారు. ఆ ముగ్గురిలో ఒకరు ఫోన్‌లో మాట్లాడుతూ, “మీకన్నా ముందు మరో నలుగురు నాకు సరిగ్గా ఇదే మొదటి వాక్యం రాశారండీ. మీరంతా ఒకే బడిలో చదివారా?” అని మర్యాదగానే అడిగారు. చెవులు ఎర్రబడ్డాయి. ఒకే కోర్సు తీసుకున్న వందలమంది ఒకే వేదిక మీద ఒకే ఉత్తరం పంపితే ఇంకేమవుతుంది? ఆ తరువాత నమూనాలు పక్కన పెట్టి, పది ప్రతిపాదనలే పంపాను. వాటిలో ఒకటి చేత్తో చేసిన మట్టిపాత్రలు అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణానిది. వారి పేజీలన్నీ చదివితే, సరుకు వాపసు గడువు ఒకచోట 14 రోజులనీ, మరోచోట 30 రోజులనీ ఉంది. ఆ రెండు పేజీలు ఏవో చెప్పి, ఏది సరైనదో తెలిపితే రెండోది దిద్దిపెడతానని రెండే వాక్యాలు రాశాను. గంటలో జవాబు వచ్చింది. ఆ దుకాణం ఈనాటికీ నా క్లయింటు. న్యాయంగా చెప్పాలంటే, ‘వారి గురించి రాయండి, మీ గురించి కాదు’ అన్న ముక్క కోర్సులోనూ ఉంది. కానీ ఆ ముక్క పక్కనే కాపీ చేసుకోవడానికి నమూనా పెడితే ఎవరు మాత్రం కష్టపడతారు?

నాలుగో వారంలో ఒప్పందపత్రం. ఇది లేకుండా పని మొదలుపెట్టవద్దని గట్టిగా చెప్పడం బాగుంది, నమూనా కూడా చదవగలిగే భాషలో ఉంది. రహస్య సమాచారం, చెల్లింపు గడువు, ఒప్పందం ముగించడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నవి అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, అదే నా నెత్తి మీద పడింది. నెలకు ఇన్ని గంటలని ముందుగా డబ్బు తీసుకుని పనిచేసే పద్ధతిని రిటైనర్ అంటారు; స్థిరమైన ఆదాయం కోసం అందరూ దానివైపు వెళ్లాలని కోర్సు చెబుతుంది. అయితే ఒక నెలలో వాడుకోని గంటలు ఏమవుతాయి? నమూనాలో ఆ ప్రశ్న లేదు. నా మొదటి క్లయింటు, ఆన్‌లైన్‌లో శిక్షణ తరగతులు నడిపే ఒక పెద్దమనిషి, నెలకు 20 గంటలు కొనుక్కుని మూడు నెలలపాటు 14 గంటలకు మించి వాడలేదు. నాలుగో నెల మొదటి వారంలో, ‘మిగిలిన 18 గంటలు, ఈ నెలవి 20 కలిపి ఈ వారమే వాడుకుంటాను, తరగతి ప్రారంభం ఉంది’ అని మెయిల్ పంపారు. ఒకే వారంలో 38 గంటలు. ఆయన తప్పేమీ లేదు, డబ్బు ముందే ఇచ్చారు. మట్టిపాత్రల దుకాణం పని రాత్రిళ్లు చేసి ఆ వారం గట్టెక్కాను. ఇప్పుడు నా ఒప్పందంలో రెండు వాక్యాలు అదనంగా ఉన్నాయి: వాడని గంటల్లో నాలుగోవంతు మాత్రమే తరువాతి నెలకు వెళుతుంది; వారానికి పది గంటలు దాటే పనికి ఐదు రోజుల ముందు చెప్పాలి. కోర్సు కొన్నవారు ఆ నమూనాను వాడుకునేముందు ఇలాంటి వాక్యాలు చేర్చుకోవాలి.

ఐదో వారం సాధనాలది, పాఠాల సంఖ్యలో అన్నిటికన్నా పెద్దది. పనుల జాబితాలు పెట్టుకునే ట్రెల్లోలో బోర్డు ఎలా పెట్టాలి, క్యాలెండ్లీ లంకెతో సమావేశాలు ఎలా కుదర్చాలి, గూగుల్ క్యాలెండర్ ఎలా పంచుకోవాలి అన్నవి ఓపికగా చూపిస్తారు. ఏ బటన్ ఎక్కడుందో తెలియనివారికి ఈ పాఠాలు డబ్బుకు తగ్గవే. బటన్ నొక్కడం నేర్పినంత శ్రద్ధగా నొక్కితే ఏమవుతుందో నేర్పలేదన్నది నా ఫిర్యాదు. మట్టిపాత్రల దుకాణం ఇన్‌బాక్సులో నేను చేరేనాటికి చదవని మెయిళ్లు 11,400. కోర్సు చెప్పిన చిట్కా ప్రకారం, ‘అన్‌సబ్‌స్క్రయిబ్’ అనే మాట ఉన్న ప్రతి మెయిల్ ఇన్‌బాక్సులోకి రాకుండా పక్క లేబుల్‌కు వెళ్లేట్టు జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టాను. సాయంత్రానికి ఇన్‌బాక్సు అద్దంలా తయారైంది, యజమానురాలు సంబరపడ్డారు. తొమ్మిది రోజుల తరువాత ఒక టోకు కొనుగోలుదారు ఫోన్ చేసి, తాము పంపిన ఆర్డరుకు ఉలుకూ పలుకూ లేదేమని నిలదీశారు. వారి కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్ పంపే ప్రతి మెయిల్ అడుగున, చిన్న అక్షరాల్లో, ఆ మాట ఉంటుంది. 120 గిన్నెల ఆర్డరు వార్తాలేఖల లేబుల్ కింద, ఒక చెప్పుల కంపెనీ ప్రకటనకూ ఒక ప్రయాణాల ప్రకటనకూ మధ్య నిద్రపోతోంది. లేబుల్‌ను రోజూ ఒకసారి చూసి ఉంటే సరిపోయేది. ఆ తప్పు పూర్తిగా నాదే. ఆ మెయిళ్లను తొలగించమని కాక పక్కన పెట్టమని ఫిల్టర్‌కు చెప్పడం ఒక్కటే నన్ను కాపాడింది, ఎందుకంటే జీమెయిల్ చెత్తబుట్టలో పడినవి 30 రోజుల్లో శాశ్వతంగా పోతాయి. కొత్త ఫిల్టర్ పెట్టాక రెండు వారాలు అది పట్టినవన్నీ కళ్లతో చూడాలన్న ఒక్క మాట ఆ పాఠంలో ఉండి ఉంటే బాగుండేది.

సమయమండలాల పాఠం మూడు నిమిషాలు. గూగుల్‌లో వెతికి తేడా తెలుసుకోండి అన్నది దాని సారం. శిక్షణ తరగతుల పెద్దమనిషి న్యూయార్క్ సమయంలో పనిచేస్తారు, ఆయన విద్యార్థులు ఎక్కువమంది లండన్‌లో ఉంటారు. ఈ రెండు నగరాల మధ్య ఏడాదిలో చాలాకాలం ఐదు గంటల తేడా ఉంటుంది. అయితే అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం జరుగుతాయి. ఆ నడుమ రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే. శరదృతువులోనూ అంతే, అక్టోబరు చివరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు ఒక వారం తేడా తగ్గుతుంది. నాకు అలవాటైన ఐదు గంటలు కలిపి, న్యూయార్క్ ఉదయం 11 అంటే లండన్ సాయంత్రం 4 అని మార్చి మూడో వారపు తరగతికి 26 మందికి మెయిల్ పంపాను. నిజానికి అది మధ్యాహ్నం 3. ఆయన కెమెరా ముందు కూర్చుని, ‘నేనొక్కణ్ణే ఉన్నాను. మిగతావాళ్లు ఎక్కడ?’ అని పంపిన సందేశం ఇప్పటికీ నా దగ్గర ఉంది, దాచుకున్నాను. ఆనాటి నుంచి సమయాన్ని అంకెలుగా టైపు చేయడం మానేసి క్యాలెండర్ ఆహ్వానమే పంపుతున్నాను, అది ఎవరి గడియారానికి తగ్గట్టు వారికి చూపిస్తుంది. సమయం రాయక తప్పనప్పుడు పక్కన నగరం పేరు రాస్తాను. తేదీలో నెలను ఎప్పుడూ అక్షరాల్లోనే రాస్తాను, ఎందుకంటే 04/05 అంటే అమెరికావారికి ఏప్రిల్ 5, బ్రిటన్‌వారికి మే 4.

ఈ కోర్సులో నిజంగా ప్రమాదకరమైన పాఠం ఏదంటే పాస్‌వర్డులది. క్లయింటు చేత ఒక గూగుల్ డాక్యుమెంటులో పాస్‌వర్డులన్నీ రాయించి, దాన్ని మీతో పంచుకోమని చెప్పండి అంటారు. ఇంటి తాళాలన్నీ గుత్తిగా కట్టి గుమ్మానికి వేలాడదీసినట్టుంది. జీమెయిల్‌కు అసలు పాస్‌వర్డే అక్కర్లేదు: ఖాతాదారు సెట్టింగుల్లోకి వెళ్లి మరొకరిని ప్రతినిధిగా చేర్చవచ్చు, సాధారణ ఖాతాకు పదిమంది వరకు. ప్రతినిధి మెయిల్ చదవగలరు, పంపగలరు, తొలగించగలరు; పాస్‌వర్డు మార్చలేరు. మిగతా ఖాతాలకు బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటి పాస్‌వర్డులు భద్రంగా దాచే సాధనాలు ఉన్నాయి. క్లయింటు అందులో నుంచి కావలసినవే పంచుకుని, పని ముగిసిన రోజున వెనక్కి తీసుకోవచ్చు. రెండంచెల ధ్రువీకరణ సంగతి కోర్సు ఎత్తనే లేదు. లాగిన్ పేజీ ఆరంకెల కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ క్లయింటు ఫోన్‌లో ప్రతి 30 సెకన్లకూ మారిపోతూ ఉంటుంది, ఆయన ఉన్నచోట అర్ధరాత్రి, ఇక్కడ నా గడువు గంటలో. మొదటి వారమే ఈ కోడ్ ఎవరి దగ్గర ఉంటుందో తేల్చుకోవాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి నా తలప్రాణం తోకకు వచ్చేది కాదు. పోయిన ఏడాది చేర్చామని చెప్పే కృత్రిమ మేధ అదనపు పాఠానిదీ ఇదే ధోరణి: క్లయింటు మెయిళ్లను చాట్‌బాట్‌లో అతికించి జవాబులు రాయించుకోండి అంటారు, ఆ మెయిళ్లు బయటికి పంపడానికి క్లయింటు అనుమతి తీసుకోమన్న మాట మాత్రం లేదు. అదే కోర్సు ఇచ్చిన ఒప్పందపత్రంలోని రహస్యాల నిబంధనకు ఇది నేరుగా విరుద్ధం.

ఆరో వారం లోగో, రంగులు, వెబ్‌సైటు. తొమ్మిది పాఠాలు. చూడకపోయినా నష్టం లేదు. పన్నుల మీద ఉన్న ఒకే ఒక్క చిన్న పాఠం మాత్రం నిజాయితీగా ఉంది: వచ్చిన ప్రతి చెల్లింపులో కొంత భాగం వేరే ఖాతాలో పక్కన పెట్టండి, మీ దేశపు నియమాలు తెలిసిన లెక్కల నిపుణుణ్ణి అడగండి, మమ్మల్ని అడగవద్దు. తెలియనిది తెలియదని చెప్పిన ఆ పద్ధతి మూడో వారంలోనూ పాటించి ఉంటే ఎంత బాగుండేది.

ఇంత చెప్పాక కూడా నేను డబ్బు వాపసు అడగలేదు, అందుకు కారణం వారాంతపు ప్రశ్నోత్తరాల తరగతులు. వాటిని నడిపే ఆవిడ ఏళ్ల తరబడి ఈ పని చేసి, ఇంకా చేస్తున్నవారు. వీడియోల్లో వినిపించే నవ్వు గొంతు ఆమెది కాదు. రిటైనర్ గంటల పంచాయితీ వచ్చినప్పుడు నా ఒప్పందంలో చేర్చవలసిన రెండు వాక్యాలకు రూపమిచ్చింది ఆమే. “క్లయింటుగారు ‘చిన్న పని’ అన్న ప్రతిసారీ ముందు టైమరు నొక్కండి, తరువాత చేయండి. బిల్లు వేయడం వేయకపోవడం మీ ఇష్టం, లెక్క మాత్రం ఉండాలి,” అని ఆమె ఒక తరగతిలో అన్నారు. ఆ నెలలో నా దగ్గర పోగైన ‘చిన్న పనులు’ 23. కలిపితే ఆరున్నర గంటలు. వాటిని నెల చివర బిల్లుతోపాటు వేరే వరుసలో, సున్నా రుసుముతో చూపించాను. శిక్షణ తరగతుల పెద్దమనిషి అది చూసి, నేను అడగకుండానే, తరువాతి నెల నుంచి 20 గంటల ప్యాకేజీని 26 గంటలు చేశారు. మూడు నెలల గడువు దాటాక ఈ తరగతులకు ప్రవేశం ఆగిపోతుంది. వీడియోలు జీవితాంతం చూడవచ్చట. మూడేళ్లలో పాతబడే వీడియోలు జీవితాంతం ఇచ్చి, పాతబడని ఆవిడను మూడు నెలలకే పరిమితం చేయడం ఎవరి లెక్కో తెలియదు.

కాబట్టి ఈ అచ్చు కోర్సు ఏదైనా కొనేముందు మూడు సంగతులు అమ్మేవారిని మెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమంటాను: వేదికల పాఠం చివరిసారి ఎప్పుడు మళ్లీ చిత్రీకరించారు, ప్రత్యక్ష తరగతులు నడిపేవారు ఇప్పటికీ క్లయింట్ల పని చేస్తున్నారా, ఆ తరగతులు ఎన్ని నెలలు ఉంటాయి. కార్యాలయ అనుభవం ఉన్నవారు మొదటి వారం, ఆరో వారం వదిలేసి, రెండో వారంలోని ఆరో పాఠంతో మొదలుపెట్టి, నాలుగో వారం ఒప్పందం దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. బొత్తిగా కొత్తవారికి ఐదో వారంలోని ట్రెల్లో, క్యాలెండర్ పాఠాలు ఉపయోగపడతాయి, పాస్‌వర్డుల పాఠం తప్ప.

ధ్రువపత్రం అందంగా ఉంది, అంచున బంగారు రంగు గీత కూడా వేశారు. ఈ పదకొండు నెలల్లో ఒక్క క్లయింటూ దాన్ని అడగలేదు. రెండు రంగుల గంటల పట్టికను మాత్రం, మీరు మా పని చేయడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో చూపిస్తారా అని, ఇద్దరు అడిగి తీసుకున్నారు.